దుబ్బగుట్టపల్లెలో నన్ను కుదువ పెట్టిన రోజు

నేను ఒక మొబైల్ ఫోన్‌ను. గొప్ప ఫోన్‌నేమీ కాదు. దుకాణంలో ఖరీదైనవాటిని కళ్లకు ఎదురుగా పెట్టి, మిగిలిన వాటిని కింది అరలో సర్దుతారే, ఆ కింది అర రకం. అయినా నాలోంచి పోయిన మాటలు, నాలోకి వచ్చిన మాటలు తలుచుకుంటే ఏ పెద్ద ఫోనుకూ తీసిపోననిపిస్తుంది. వాటిలో ఒక మాట మనుషుల ప్రాణాల మీదికి తెచ్చింది. ఆ సంగతి చెప్పాలనే ఇదంతా మొదలుపెట్టాను.

తడ దగ్గర ఒక ఫ్యాక్టరీలో పుట్టాను. చల్లటి పెద్ద హాలు, తెల్లటి దీపాలు, తలకు టోపీలు పెట్టుకున్న ఆడపిల్లల వరుస. నా అద్దం బిగించిన అమ్మాయి పక్కనున్న స్నేహితురాలితో గుసగుసగా పోట్లాడుతోంది. తమ ఊళ్లో ఈసారి ఏ పార్టీ గెలుస్తుందన్నది తగవు. సూపర్‌వైజర్ వచ్చినప్పుడు ఇద్దరూ నోరు మూసుకున్నారు, ఆయన పోగానే ఆపిన చోటు నుంచే అందుకున్నారు. కళ్లు తెరిచిన వెంటనే నాకు వినిపించింది వాదన. ఆ తర్వాత కూడా ఎక్కువగా వినిపించింది అదే.

నా మొదటి యజమాని హనుమకొండలో ఉండే శ్రీహర్ష. చదువుకున్నవాడు, వార్తల పేజీ ఒకటి నడిపేవాడు. కొత్త రాకెట్టు, కొత్త చట్టం, కొత్త టీకా, ఏది వచ్చినా దాని మీద అతనికి రెండు అభిప్రాయాలుండేవి. ‘సత్యాన్వేషి’ అనే పేరుతో ఒకటి రాసేవాడు, ‘ఓరుగల్లు పులి’ అనే పేరుతో దాన్ని తిట్టేవాడు. ఆ ఇద్దరి గొడవ చూడటానికి జనం మూగేవారు, పేజీ పెరిగేది. పులి తిట్లకు సత్యాన్వేషి నొచ్చుకుంటున్న సమయంలో శ్రీహర్ష వాళ్లమ్మ అన్నానికి పిలిచేది. ఇద్దరికీ కలిపి ఒకే కంచం పెట్టేది. కొన్నాళ్లకు నాకంటే చురుకైన ఫోను కావాలనిపించి, నన్ను దుకాణంలో ఇచ్చి వేరేది తీసుకున్నాడు. నాలోని పులిని, సత్యాన్వేషిని తుడిచేసి అమ్మకానికి పెట్టారు.

అక్కడ నన్ను కొన్న మనిషి చిలువేరు ఇందుమతి. భూకంపాలను నమోదు చేసే ఒక పరిశోధన సంస్థలో పనిచేసేది. ఊరూరా తిరిగి, గుంటలు తవ్వించి, వాటిలో భూమి కదలికను కొలిచే యంత్రాలు పెట్టించడం, మళ్లీ వెళ్లి అవి రాసిపెట్టుకున్నది తెచ్చుకోవడం ఆమె పని. జీపు నడిపే కొమురెల్లి ఆమెకు తోడు. అతనికి పాత పాటలంటే ప్రాణం. దారి పొడుగునా వింటూ, ఒక్కో పాట దగ్గర ‘ఇది వినుండ్రి మేడం’ అని గొంతు పెంచేవాడు.

ఇందుమతికి వాదించే అలవాటు ఉంది. ‘వార్తల కూడలి’ అనే వాట్సాప్ గ్రూపులో సభ్యురాలు. వరంగల్ చుట్టుపక్కల మనుషులు అందులో చేరి రోజూ వార్తల మీద కొట్టుకునేవారు. చంద్రుడి మీద దిగిన నౌక, వార్తలు చదివే కంప్యూటరు బొమ్మ, ఓటింగ్ యంత్రం, ఊరపిచ్చుకలు, సెల్ టవర్లు, అన్నీ అక్కడికే వచ్చేవి. ఎవరూ ఎవరినీ ఒప్పించినట్టు నేనైతే చూడలేదు. కానీ పొద్దున లేవగానే అందరూ ముందు అదే తెరిచేవారు.

ఆ గ్రూపులో ఆమెకు సరైన జోడి కోడం వీరేశం. పరకాలలో ఉండే రిటైర్డ్ ఆర్టీసీ కండక్టర్. దేన్నీ ఊరికే నమ్మడు.

“చంద్రుని మీద నీళ్లు దొరికినయట. మా గల్లీల నల్లా రాక వారమైతంది. ముందుగాల దాన్ని కనిపెట్టుండ్రి మేడం గారూ” అని రాసేవాడు.

“నల్లా మీ మున్సిపాలిటీది, చంద్రుడు అందరిదీ పెద్దాయనా” అని ఆమె తిప్పికొట్టేది.

ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. ఒకరి గొంతు ఒకరు వినలేదు. అయినా ఆయన రెండు పూటలు రాయకపోతే ఆమె గ్రూపు తెరిచి, కిందికీ పైకీ జరిపి, మూసేసేది. ఆమెకు ఆ సంగతి తెలియదు. ఆమె వేలికి తెలుసు, నాకు తెలుసు.

ఇలా ఉండగా అడవి అంచున ఉన్న ఊళ్లలో భూమి కొద్దిగా వణికింది. గిన్నెలు కదిలాయి, కుక్కలు మొరిగాయి, అంతే. సంస్థ వాళ్లు ఇందుమతిని పంపారు. ఆమె కొన్ని ఊళ్లలో యంత్రాలు పాతించింది. వాటిలో ఒకటి దుబ్బగుట్టపల్లె, పంచాయతీ ఆఫీసు వెనక. అప్పుడు ఊరి వాళ్లు మంచిగానే చూశారు. మొగిలి అనే రైతు గుంట తవ్వి, చాయ్ తెప్పించాడు. ఏం పెడుతున్నారని అడిగితే, “భూమి సంగతి తెలుసుకోవడానికి” అని ఆమె క్లుప్తంగా చెప్పి, తర్వాతి ఊరికి పొద్దు పోతుందని బయలుదేరింది.

కొన్నాళ్లకు భూమి మళ్లీ వణికింది. ఈసారి గట్టిగా. దుబ్బగుట్టపల్లెలో మట్టిగోడలు చీలాయి. మొగిలి వాళ్ల ఇంటి వెనక గోడ కూలి, వాళ్లమ్మ ఓదెమ్మ కాలు విరిగింది. ఆ కబురు మాకు అప్పుడు తెలియదు.

యంత్రాలు పాతించిన సంగతి ఆమె గ్రూపులో ముందే చెప్పి ఉంది. ఆ రోజే వీరేశం అక్కడ రాశాడు: “మొదట వణికింది చిన్నగ. తర్వాత పెట్టెలు పాతిన్రు. పాతినంక పెద్దగ వణికింది. పెట్టెలకు, వణుకుడుకు ఏమన్న సంబంధం ఉన్నదా? నాకైతే తెల్వదు. తెలిసినోళ్లు చెప్పుండ్రి.”

ఇందుమతి అప్పుడు ఆఫీసులో భోజనం చేస్తోంది. ఎడమ చేత్తో టైపు చేసింది: “థర్మామీటర్ పెడితే జ్వరం వస్తుందా పెద్దాయనా?”

గ్రూపంతా విరగబడి నవ్వింది. నవ్వే బొమ్మలు వరదలా వచ్చిపడ్డాయి. వీరేశం బదులు రాయలేదు. నాలోంచి ఎన్నో ఎత్తిపొడుపు మాటలు వెళ్లాయి, ఇదీ వాటిలో ఒకటేననుకున్నాను.

ఆ రెండు సందేశాలూ గ్రూపు దాటాయి. దాటించింది ఎవరో ఇప్పటికీ తెలియదు. వీరేశం రాసినదాంట్లో చివరి మాటలు దారిలో ఎక్కడో రాలిపోయాయి. ఊళ్లకు చేరేసరికి అది ఇలా ఉంది: ‘పెట్టెలు పాతినందుకే భూమి వణుకుతున్నది, రిటైర్డ్ ఉద్యోగి వీరేశం వెల్లడి.’ దాని కింద ఇందుమతి ఫొటో, ఆమె జ్వరం మాట, పక్కన ఎవరో చేర్చిన ఇంకో మాట: ‘ఇండ్లు కూలుతుంటే మేడం నవ్వుతున్నది.’

అది ఆమెకు చేరలేదు. ఎవరి గురించిన పుకారు వాళ్లకే ఆఖరున చేరుతుంది. ఆమె మామూలుగానే యంత్రాలు చూసుకోవడానికి బయలుదేరింది.

జీపు దుబ్బగుట్టపల్లెలో పంచాయతీ ఆఫీసు ముందు ఆగింది. మధ్యాహ్నపు ఎండ. ఇందుమతి దిగి, వెనక గుంట దగ్గరికి వెళ్లి, మూత తీయబోయింది. వెనక నుంచి ఎవరో అరిచారు.

“మల్ల వచ్చింది. మల్ల పెడ్తంది.”

నేను ఆమె కుర్తా జేబులో ఉన్నాను. ముందు అడుగుల చప్పుడు వినిపించింది, తర్వాత ఆమె గుండె చప్పుడు. కొద్దిసేపట్లోనే జనం చుట్టూ చేరారు. ఒక ట్రాక్టరు వచ్చి జీపుకు అడ్డంగా నిలబడింది. కొమురెల్లి పరుగున వచ్చి ఇందుమతికి ముందు నిలుచున్నాడు.

“ఆగుండ్రయ్యా, ఆడమనిషి. మాట్లాడుదం, ఆగుండ్రి” అంటున్నాడు.

ఎవరిదో చెయ్యి లేచింది. అతని చెవి మీద పడింది. కొమురెల్లి కింద కూర్చుండిపోయాడు. చెవిలోంచి సన్నగా రక్తం కారింది. అది చూసి కొందరు వెనక్కి తగ్గారు, కొందరు ఇంకా ముందుకు వచ్చారు. రక్తం కనిపిస్తే జనం ఆగుతారని అనుకునేదాన్ని. కొందరే ఆగుతారు.

ఇద్దరినీ పంచాయతీ ఆఫీసు గదిలోకి నెట్టారు. మొగిలి లోపలికి వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. అప్పుడు చాయ్ తెప్పించిన మనిషి ఇతనేనని గుర్తుపట్టడానికి ఆమెకు కొంచెం సమయం పట్టింది. ముఖం అలా మారిపోయింది.

“ఫోనియ్యి మేడం” అన్నాడు.

ఆమె నన్ను తీసి ఇచ్చింది.

“దీంట్ల మా మీద నవ్విన్రట గద. సూపెట్టుండ్రి.”

“మీ మీద నవ్వలేదన్నా. ఆ మాట వేరే ఆయనకు రాసిన.”

“మా అవ్వ కాలు ఇరిగింది. గోడ మీద పడ్డది. నేనే గుంట తవ్వి ఇస్తి మీకు. నా చేతులతోటి తవ్వి ఇస్తి” అన్నాడు మొగిలి. అతని గొంతులో కోపం కంటే వేరే ఏదో ఉంది. తన తల్లి కాలు తన పారే విరగ్గొట్టిందని అతను నమ్ముతున్నాడు.

బయట గుంటలోంచి యంత్రాన్ని పెకిలించి తెచ్చారు. పగలగొట్టాలని ఒకరు, జీపుతో కలిపి తగలబెట్టాలని మరొకరు. గడ్డపార నేలకు ఆనించిన చప్పుడు. కొమురెల్లి తువ్వాలతో చెవి అదిమి పట్టుకుని, “మేడం, నాకు ఈ దిక్కు ఏం ఇనవడ్తలేదు” అన్నాడు మెల్లగా.

మొగిలి నా తెర మీద గ్రూపు తెరిపించాడు. వేలు పెట్టి పైకి జరుపుతూ చదువుతున్నాడు. వీరేశం పేరు కనబడగానే, కింద రాసింది చదవకుండానే ఆగాడు.

“ఈయననే అడుగుత. పెట్టెల సంగతి రాసింది ఈయననే గద. ఈయన ఏది అంటే అది.”

నాలోంచి మొట్టమొదటిసారి ఇందుమతి నంబరు నుంచి వీరేశానికి ఫోను వెళ్లింది. స్పీకర్ పెట్టాడు. నాలుగైదు రింగుల తర్వాత ఒక బొంగురు గొంతు పలికింది.

“ఏంది మేడం గారూ, ఇయ్యాల ఫోనే చేసిన్రు. థర్మామీటర్ల గురించి ఇంకేమన్న చెప్పెటిది మిగిలిందా?”

“నేను మేడంను కాదు సారూ. దుబ్బగుట్టపల్లె నుంచి దూడపాక మొగిలిని. మేడంను, డ్రైవర్‌ను పట్టుకొని ఉంచినం. పెట్టె బయటికి తీసినం. మీరు రాసింది మా ఊరందరు చదివిన్రు. ఏం జెయ్యమంటరు?”

ఫోను తెగిపోయిందేమోనని మొగిలి నన్ను చెవి దగ్గరికి తెచ్చుకున్నాడు.

ఎప్పుడూ తన మాట ఎవరూ వినడం లేదని గ్రూపులో వాపోయే మనిషికి, ఒక ఊరు ఊరంతా చెవులు ఒప్పజెప్పి ఏం చెయ్యమంటావని అడుగుతోంది. ఆయన ఏమంటాడో నాకు తెలియలేదు. ఇందుమతికీ తెలియలేదు. ఆమె గోడకు ఆనుకుని కళ్లు మూసుకుంది.

“ఫోన్ మేడంకు ఇయ్యి” అన్నాడు వీరేశం.

మొగిలి నన్ను ఆమె ముందు పట్టుకున్నాడు.

“దెబ్బలు తగిలినయా బిడ్డా?”

గ్రూపులో ఎన్నడూ వాడని మాట. “నాకు కాదు. కొమురెల్లికి” అంది.

“మొగిలీ, వస్తున్న. నేనచ్చేదాక ఎవ్వరు చెయ్యి లేపద్దు. నా పేరు మీద చేస్తున్నరు గద, నా మాటినండ్రి.”

ఆయన వచ్చేదాకా గడిచిన సమయం నాకు తెర మీద కనిపిస్తూనే ఉంది, కానీ గదిలో ఎవరికీ అది కదిలినట్టు లేదు. బయట గొంతులు ఒకసారి పెరిగేవి, ఒకసారి తగ్గేవి. మొగిలి తలుపు దగ్గరి నుంచి కదల్లేదు. ఎవరైనా లోపలికి తోసుకురాబోతే, “సారు వస్తుండు” అని ఆపేవాడు.

వీరేశం ఎవరి మోటారు సైకిలు వెనకో కూర్చుని వచ్చాడు. పొట్టి మనిషి, పాత ఖాకీ చొక్కా, దుమ్ముకు ఎర్రబడ్డ కళ్లు. నేను ఊహించుకున్నది పులి లాంటి మనిషిని. జనం దారి ఇచ్చారు. ఆయన ముందు గదిలోకి వచ్చి కొమురెల్లి చెవి చూశాడు. ఇందుమతి వైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు. తర్వాత బయటికి వెళ్లి, యంత్రం పక్కన నిలబడి, తన ఫోనులోంచి తాను రాసినదాన్ని బిగ్గరగా చదివాడు. బస్సులో కిక్కిరిసిన జనానికి వినబడేలా స్టాపుల పేర్లు చెప్పిన గొంతు అది. చివరి మాటలు రెండుసార్లు చదివాడు.

“నేను అడిగిన. చెప్పలే. నాకు తెల్వదని గూడ రాసిన. మీకు వచ్చింది సగమే.”

జనం ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. మొగిలి ముందుకు వచ్చాడు.

“తెల్వంది ఎందుకు రాసిన్రు సారూ?”

వీరేశం తన ఫోనును జేబులో పెట్టుకున్నాడు.

“అడుగుడు తప్పు కాదనుకున్న” అన్నాడు.

“మరి మాకు జవాబెవరు చెప్తరు?”

ఇందుమతి గదిలోంచి బయటికి వచ్చింది. “నేను చెప్త” అంది. జీపులోంచి లాప్‌టాప్ తెచ్చి యంత్రానికి తగిలించింది. తెర మీద సన్నటి గీత సాగింది. “ఇది భూమి కదలికను చూస్తది అంతే. కదిలించుడు దీనితోటి కాదు. చూడుండ్రి, నేల మీద కాలు కొడితే గీత ఎగురుతది.”

సరిగ్గా అప్పుడే ఎవరో ట్రాక్టరు స్టార్ట్ చేశారు. ఎవరూ కాలు కొట్టకుండానే గీత పిచ్చిదానిలా ఎగిరింది.

“అగో, ఊపుతంది. ఊపుతంది సూడుండ్రి.”

ఆమె ట్రాక్టరు గురించి చెబుతూనే ఉంది, ఎవరికీ వినిపించడం లేదు. వెనక నుంచి గడ్డపార పట్టుకున్న మనిషి దూసుకొచ్చాడు. గడ్డపార పైకి లేచింది. ఇందుమతి యంత్రం మీదికి వంగింది. ఆ క్షణంలో నేను మొగిలి పిడికిట్లో ఉన్నాను. అతను నన్ను ఎంత గట్టిగా నొక్కాడంటే నా అంచు అతని అరచేతిలో దిగింది.

వీరేశం ఇందుమతిని భుజం పట్టి పక్కకు లాగి, యంత్రం మీద కూర్చున్నాడు. బండ మీద కూర్చున్నట్టు, రెండు కాళ్లు చాపి.

“కొట్టాలంటే నా మీదికెల్లే కొట్టాలె” అన్నాడు. “ఈ పెట్టెను నేను నమ్ముతున్ననని కాదు. నాకు ఇప్పటికి తెల్వదు. కని తెల్వకముందే పలగ్గొడితే ఇంకెన్నడు తెల్వదు. నేను ఈడనే కూసుంట. ఇది ఊపేదైతే ముందుగాల నన్నూపాలె. ఆ డ్రైవర్‌ను దవాఖానకు పోనియ్యుండ్రి. ఆమెను గూడ పోనియ్యుండ్రి.”

గడ్డపార గాలిలోనే కాసేపు ఉండి, దిగింది. పట్టుకున్న మనిషికి చేతులు నొప్పి పుట్టాయో, ముసలాయన మీద చెయ్యి రాలేదో.

“పోయి పోలీసోళ్లను తెస్తది” అన్నారెవరో.

ఇందుమతి మొగిలి వైపు చూసింది. “అన్నా, మీ అమ్మ సంగతి నాకు తెల్వదు. తెలిసి ఉంటే ఆ మాట రాయకపోదును. కొమురెల్లిని దవాఖానల చూపించి నేను మల్ల వస్త. సాయంత్రం వరకు వస్త. మీరు అడిగినయన్నిటికి కూసొని జవాబు చెప్త. నా ఫోన్ మీ దగ్గరనే ఉంచుకోండి.”

“మల్ల వణుకుతదా భూమి?” అని అడిగాడు మొగిలి.

వణకదు అని ఒక్క మాట అంటే అక్కడితో అంతా చల్లబడేది. అందరూ దాని కోసమే చూస్తున్నారు. ఆమె అనలేదు.

“చెప్పలేను. వణకొచ్చు.”

మొగిలి ట్రాక్టరు వైపు తిరిగి, పక్కకు తీయమని చెయ్యి ఊపాడు.

తువ్వాల చెవికి కట్టుకుని కొమురెల్లే జీపు నడిపాడు. అలా నన్ను కుదువ పెట్టి ఆమె వెళ్లింది.

సాయంత్రం దాకా వీరేశం అక్కడే కూర్చున్నాడు. ఓదెమ్మ మంచాన్ని బయటికి తెచ్చి ఆయనకు ఎదురుగా వేశారు. కాలికి కట్టుతో ఆమె పడుకుని ఆయననే చూస్తోంది. “గింత వయసుల నీకెందుకయ్యా ఈ కొట్లాటలు?” అంది. “పొద్దు పోతలేదవ్వా” అన్నాడు వీరేశం. అది నిజమని నాకు తెలుసు. గ్రూపులో సగం మంది వాదన వెనక ఉన్నది ఆ ఒక్క కారణమే. మొగిలి వాళ్లిద్దరికీ అన్నం తెచ్చిపెట్టాడు. అప్పుడప్పుడూ నన్ను తీసి టైం చూసుకుంటున్నాడు, రోడ్డు వైపు చూస్తున్నాడు.

పొద్దు వాలుతుండగా రోడ్డు మీద దుమ్ము లేచింది. మొగిలి లేచి నిలబడ్డాడు. వచ్చింది పోలీసు జీపులు.

“మాటిచ్చింది గద” అన్నాడు. అరవలేదు. నా వైపు చూస్తూ అన్నాడు.

“ఆమె చెప్పి ఉండదు రా. దెబ్బలతోటి పోతే దవాఖానోళ్లే ఠాణాకు చెప్తరు, అది రూలు” అంటున్నాడు వీరేశం. మొగిలి వినలేదు. నన్ను పంచాయతీ గోడకేసి కొట్టాడు. నా అద్దం మూల నుంచి మూలకు చీలింది. కానీ చూపు పోలేదు, వినికిడి పోలేదు.

పోలీసులు మొగిలినీ మరికొందరినీ జీపులో ఎక్కించారు. పుకారుకు మూలం నువ్వేనట కదా అని వీరేశాన్ని కూడా ఎక్కించారు. నన్ను ఒక కానిస్టేబులు ఏరి, కవర్లో వేశాడు. జీపు ఊరు దాటుతుంటే ఎదురుగా ఒక ఆటో వచ్చింది. అందులో ఇందుమతి. ఒక్కతే. చెప్పినట్టే తిరిగి వస్తోంది. రెండు బళ్లూ ఇరుకు దారిలో ఒకదాన్నొకటి దాటుకునేటప్పుడు మెల్లగా కదిలాయి. మొగిలి ఆమెను చూశాడు. ఆమె మొగిలిని చూసింది.

ఆ తర్వాత నేను ఠాణాలో ఒక బీరువాలో పడున్నాను. నా పక్కన ఒక గొడ్డలి, ఒక జత వెండి కడియాలు, ఎవరిదో చేతి గడియారం. ఛార్జింగ్ అయిపోయాక నాకు ఏమీ తెలియదు. అంత నిశ్శబ్దం పుట్టాక అదే మొదలు.

కోర్టు అనుమతితో నన్ను వెనక్కి ఇచ్చేనాటికి ఇందుమతి వేరే నంబరుతో ఇంకో ఫోను కొనుక్కుంది. అయినా ఇంటికి తెచ్చి ఛార్జింగ్ పెట్టింది. నేను కళ్లు తెరవగానే, ఇన్నాళ్లూ గుమ్మం బయట ఆగిపోయిన సందేశాలన్నీ ఒక్కసారిగా లోపలికి వచ్చాయి. ఆమె వాటిని చదువుతుంటే జరిగినవన్నీ నాకూ తెలిశాయి.

కొమురెల్లికి ఒక చెవి పూర్తిగా పోయింది. కొట్టింది ఎవరో అతను పోలీసులకు చూపించాడు. ఊరి పెద్దలు రాజీకి వస్తే ఒప్పుకోలేదు. “మీరు క్షమిస్తే మీ ఇష్టం మేడం. చెవి నాది” అన్నాడట. రాజీ పడమని ఇందుమతి అతన్ని ఒక్క మాట కూడా అడగలేదు. వాంగ్మూలంలో ఆమె వీరేశం ఏం రాశాడో ఉన్నదున్నట్టు చెప్పింది, ఆయన వచ్చి ఏం చేశాడో కూడా చెప్పింది. ఆయన మీద కేసు నిలవలేదు. మొగిలికి బెయిలు వచ్చింది, కేసు నడుస్తోంది.

సంస్థ వాళ్లు భయపడి ఆ చుట్టుపక్కల ఊళ్లలో యంత్రాలన్నీ తీయించేశారు. తీయించిన కొన్నాళ్లకు భూమి మళ్లీ వణికింది. ఎంత లోతులో పుట్టింది, ఏ దిక్కుకు పోయింది, అక్కడ రాసిపెట్టుకోవడానికి ఏదీ లేదు.

ఠాణా నుంచి బయటపడ్డాక గ్రూపులో ఒక్క ముక్క రాయని వీరేశం ఆ రోజు రాశాడు: “దుబ్బగుట్టపల్లెల మల్ల వణికింది. పెట్టె లేకుంటనే వణికింది. నేను అడిగినదానికి జవాబు దొరికింది. దొరికినందుకు సంబరం లేదు. పెట్టె ఉండి ఉంటే ఏమన్న తెలిసేది.”

దాని కింద ఒక్క నవ్వే బొమ్మ కూడా లేదు. అలాగని అందరూ మారిపోయారని కాదు. ఆ కింద మూడో సందేశం నుంచే కొత్త ఎన్నికల సర్వే మీద గొడవ మొదలైంది.

ఆ వణుకు చూశాక ఊరి వాళ్లే పెట్టె కావాలని సంస్థకు కాగితం పెట్టుకున్నారు. ఆఫీసులో ఇందుమతిని వెళ్లొద్దన్నారు. ఆమె వాదించి బయలుదేరింది. కొమురెల్లి రానన్నాడు. వేరే డ్రైవరు. నన్ను కూడా తెచ్చింది. పరకాలలో వీరేశం ఎక్కాడు. దారంతా ఇద్దరూ మాట్లాడుకోలేదు. ఫోనులో అంత మాట్లాడిన వాళ్లకు పక్కపక్కన కూర్చుంటే ఏం మాట్లాడాలో తెలియలేదు.

మొగిలి గుంట తవ్వి ఉంచాడు. ఇందుమతి ఈసారి జీపు దిగి నేరుగా పనిలోకి పోలేదు. ఓదెమ్మ మంచం మీద కూర్చుని, ఆ పెట్టె ఏమిటో, ఏం చేస్తుందో, ఏం చెయ్యలేదో చెప్పింది. చాయ్ చల్లారిపోయేదాకా చెప్పింది.

“ఆ దినం పోలీసోళ్లకు మీరు చెప్పిన్రా?” అని మొగిలి అడిగాడు.

“దవాఖానల అడిగిన్రు. అబద్ధం చెప్పలేదు.”

మొగిలి తలూపాడు. “మల్ల వచ్చిన్రు గద. ఆటోల చూసిన.”

నన్ను పంచాయతీ ఆఫీసు కిటికీ పక్కన గోడకు బిగించారు. పగిలిన తెర మీద ఇప్పుడు గ్రూపులు లేవు, వాదనలు లేవు. గుంటలోని యంత్రం పంపే సన్నటి గీత ఒక్కటే పగలూ రాత్రీ సాగుతుంటుంది. ఎడ్లబండి పోతే కొంచెం ఎగురుతుంది, బస్సు వస్తే ఇంకొంచెం. జనం పనికి పోతూ కిటికీలోంచి తొంగిచూస్తారు. నమ్మినవాళ్లున్నారు, నమ్మనివాళ్లున్నారు. నా ముందు నిలబడి వాదించుకుంటారు కూడా. కాకపోతే ఎదురెదురుగా నిలబడి, ఒకరి కళ్లలోకి ఒకరు చూస్తూ వాదించుకుంటారు. అలా అయితే మాట కొంచెం నెమ్మదిగా వస్తుందని నేను గమనించాను.

పొద్దున అందరికంటే ముందు ఓదెమ్మ వస్తుంది. చేతికర్ర ఆనించుకుంటూ, ఒక కాలు ఈడ్చుకుంటూ వచ్చి, కిటికీ ఊచలు పట్టుకుని లోపల ఊడ్చే మనిషిని అడుగుతుంది.

“ఏం బిడ్డా, రాత్రి భూమి నిమ్మలంగ పండిందా?”

ఆ మనిషి చీపురు ఆపి నా వైపు చూసి, “నిమ్మలంగనే పండిందవ్వా” అంటుంది.

ఓదెమ్మ తృప్తిగా తల ఊపి, చీలిన గోడల ఇంటి వైపు మెల్లగా నడిచి వెళ్తుంది. ఆమె అడుగులు నా తెర మీద చిన్న చిన్న గీతలుగా పడి, కాసేపటికి సమసిపోతాయి.